తెర బాగుంది బావా, గట్టు మీద చూద్దాం

షోరూమ్‌లో ఆపి ఉన్న కారెక్కి, ఏసీ చల్లదనంలో కూర్చుంటే ఏ తెరైనా బాగానే ఉంటుంది. కోనసీమ అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా బావ మొన్న అలాంటి తెరకే మనసు పారేసుకున్నాడు. 10.25 అంగుళాల టచ్‌స్క్రీన్. సేల్స్ కుర్రాడు పాట పెట్టాడు, డోర్లలో లైట్ల రంగులు మార్చాడు, నోటితో చెప్పి సన్‌రూఫ్ తెరిపించాడు. "మాట చెప్తే వింటందిరా!" అని బావ నా వైపు తిరిగాడు. ఇంజను గురించి, మైలేజీ గురించి ఇంటి దగ్గర అనుకున్న ప్రశ్నలన్నీ అక్కడితో సరి.

టెస్ట్ డ్రైవ్ అంటే వాళ్ళకి ఒక దారి ఉంటుంది. హైవే ఎక్కడం, నాలుగు కిలోమీటర్లు వెళ్ళడం, యూ టర్న్ కొట్టి వచ్చెయ్యడం. నున్నటి రోడ్డు మీద, పక్కన కుర్రాడు అన్నీ తనే నొక్కి చూపిస్తుంటే ఏ తెరలోనూ లోపం కనిపించదు. లొల్ల లాకుల వైపు గట్టు రోడ్డు మీదకి తిప్పుదామన్నాను. కుర్రాడు కాసేపు నీళ్ళు నమిలి, "మెల్లగా పోనివ్వండి సార్" అన్నాడు.

మన గట్టు రోడ్డు సంగతి తెలిసిందే. ఓ పక్క కాలువ, ఇంకో పక్క పల్లంలో చేలు. దాళ్వా కోతలైతే సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచునే రాళ్ళు పెడతారు. మిగిలిన సగంలో ఎదురుగా గెలలు కట్టిన సైకిలో, ట్రాక్టరో వస్తుంది. అక్కడ బావని ఒకటే అడిగాను: "ఫ్యాన్ ఒక్క పాయింటు తగ్గించు, చెయ్యి గడ్డకడుతోంది." ఆ కారులో ఏసీ అంతా తెరలోనే. మ్యాప్ పక్కకి జరపాలి, ఫ్యాన్ బొమ్మ నొక్కాలి, వచ్చిన గీత మీద వేలు జరపాలి. గతుకులో వేలు తప్పి ఫ్యాన్ ఇంకా పెరిగింది. మనసులో ఐదు లెక్కపెట్టేసరికి పనయింది. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో ఐదు సెకన్లంటే 55 మీటర్లు. బావ పాత కారులో అదే పని చూడకుండా నాబ్ తిప్పి చేసేవాడు.

ఇది నా చాదస్తం అనుకునేవాళ్ళ కోసం ఒక లెక్క. స్వీడన్‌లో 'వి బిలెగారె' అనే కార్ల పత్రిక 2022లో గంటకి 110 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ రేడియో, ఏసీ వంటి మామూలు పనులు ఎంతసేపట్లో అవుతాయో చూసింది. బటన్లున్న 2005 నాటి వోల్వో వి70లో పది సెకన్లు పట్టింది, ఆ లోపు కారు 306 మీటర్లు వెళ్ళింది. పెద్ద తెర ఉన్న ఎంజీ మార్వెల్ ఆర్‌లో అవే పనులకి 44.9 సెకన్లు, 1,372 మీటర్లు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2013లోనే ఒక హద్దు సూచించింది: చూపు రోడ్డు మీంచి ఒక్కసారికి రెండు సెకన్లకి మించి మళ్ళకూడదు, పనంతటికీ కలిపి పన్నెండు సెకన్లు దాటకూడదు. 2026 నుంచి, కార్ల భద్రతకి నక్షత్రాలిచ్చే ఐరోపా సంస్థ యూరో ఎన్‌క్యాప్ కూడా ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర కాల్ వంటి వాటికి విడి మీటలు లేకపోతే మార్కులు కోస్తానంది. 2023లో మొదలైన మన భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు ప్రధానంగా బండి గుద్దుకున్నప్పుడు లోపలివాళ్ళకి ఏమవుతుందో చెబుతాయి. గుద్దుకోక ముందు మన కళ్ళు ఎక్కడున్నాయో చూసుకునే పని కొనేవాడిదే.

డెల్టాలో దీనికి ఇంకో మెలిక ఉంది. వానాకాలం ఇక్కడి గాలిలో ఎంత తేమో బట్టలారేసినవాళ్ళని అడగండి. నలుగురు కూర్చుంటే అద్దం లోపల ఆవిరి పట్టేస్తుంది. ఏసీ మరీ చల్లగా పెడితే ఆవిరి అద్దం బయటి వైపు పడుతుంది, దానికి వైపర్ వెయ్యాలి. ఎదురుగా బస్సు లైటు కొడుతుండగా అద్దం తెల్లబడితే, ఆవిరి తుడిచే బటన్ చేతికి తగలాలి గానీ తెరలో మూడో పేజీలో వెతుక్కోకూడదు. ఈ కారులో ముందు అద్దానికి విడిగా బటన్ పెట్టారు, ఆ ఒక్క మార్కూ ఇవ్వాలి. ఇంకోటి, ఈ తెరలు వేలు తాకినప్పుడు తెర మీది విద్యుత్తులో వచ్చే మార్పుని పసిగట్టి పనిచేస్తాయి. వేలు తడిగా ఉంటే తికమకపడతాయి. కొబ్బరిబోండం తాగిన చేత్తో బావ నొక్కితే మ్యాప్ దానంతటదే పెద్దదయింది. కుర్రాడు నవ్వి టిష్యూ ఇచ్చాడు.

కంపెనీ సొంతంగా పెట్టిన యాప్‌ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కారు పదేళ్ళు, పన్నెండేళ్ళు వాడతాం. ఫోన్ మూడు నాలుగేళ్ళకి మారుస్తాం. కాబట్టి తెర తెలివికన్నా ఫోన్‌తో దాని పొత్తు ముఖ్యం. అది తేల్చుకోవాలంటే కుర్రాడి ఫోన్ వద్దు, మన ఫోనే కలపాలి. కేబుల్ కూడా ఇంటి నుంచే తీసుకెళ్ళండి, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళతో ఆండ్రాయిడ్ ఆటో, అంటే ఫోన్‌లోని మ్యాపులూ పాటలూ కారు తెర మీదకి తెచ్చే ఏర్పాటు, రాదు. కేబుల్ లేకుండా నడిపితే ఫోన్ వైఫై మీద ఆడుతుంది. దాన్ని తీసుకెళ్ళి వైర్‌లెస్ చార్జింగ్ పలక మీద పెట్టి, పైన ఏప్రిల్ ఎండ కూడా పడితే ఫోన్ సలసల కాగి నెమ్మదిస్తుంది. ఓ పావుగంట అలా వదిలి చూడాలి. ఇంటికి కాల్ కూడా చెయ్యాలి. మనకి వినపడటం కాదు పరీక్ష, ఫ్యాన్ జోరులో మన మాట అక్కకి అర్థమైందా అన్నది.

ఇక మాట వినే సంగతి. బావ దర్జాగా "గన్నవరం" అన్నాడు. ఆయన ఉద్దేశం పి.గన్నవరం. తెర మాత్రం విజయవాడ విమానాశ్రయానికి దారి గీసింది! నరసాపురం నుంచి సఖినేటిపల్లికి అడిగితే ఇంకో తంటా. గోదావరి పాయ వశిష్ఠ మీద బళ్ళని దాటించే పంటు ఉంది, చించినాడ వంతెనా ఉంది. వరదొచ్చి పంటు ఆపేశారో లేదో తెలియాలంటే మాత్రం రేవులో ఎవరికైనా ఫోన్ చెయ్యాల్సిందే.

తిరుగు ప్రయాణంలో ఇరుకు సందులో రివర్స్ గేర్ వేయించాను, అదీ ఇంజను ఆపి, మళ్ళీ స్టార్ట్ చేసిన వెంటనే. తెర తన కంపెనీ బొమ్మ చూపించుకుని, తీరుబడిగా కెమెరా ఇచ్చింది. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లలో రెండు సెకన్లలోపు వెనక దృశ్యం రావాలని నిబంధన. మన దగ్గర 2019 జూలై నుంచి వెనక సెన్సర్లు తప్పనిసరి చేశారు. అవి గోడని పట్టుకుంటాయి, కాలువని పట్టుకోవు. గట్టు మీద బతికేవాళ్ళకి కెమెరా అందుకే కావాలి.

దిగే ముందు బ్లూటూత్ జాబితా తెరిస్తే, మాకన్నా ముందు ఆ బండి నడిపిన డజను మంది ఫోన్లు అందులోనే ఉన్నాయి. ఫోన్ కలిపేటప్పుడు అడిగితే చాలామంది కాంటాక్టులకి కూడా సరే అనేస్తారు. మాది తీసేసి దిగాం.

బావ మనసు ఇప్పుడు కింది వేరియంట్ మీద ఉంది. అందులో తెర చిన్నది, ఏసీకి గుండ్రటి నాబ్‌లు మూడున్నాయి. ధరా తక్కువే. కానీ ఆ వేరియంట్‌లో కెమెరా తీసేశారు. బయట కెమెరా బిగిస్తే వారంటీ ఉంటుందా అని అడిగితే "మేనేజర్ గారిని కనుక్కుని చెప్తానండి" అన్నాడు కుర్రాడు. ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం.