పొదుగువాపుకు పసుపు, కలబంద: నిరూపించే బాధ్యత ఎవరిది?

పాడి రైతును పొదుగువాపు అంతగా దెబ్బతీసే జబ్బులు తక్కువ. స్టెఫైలోకాకస్ ఆరియస్, ఈ.కోలై వంటి బ్యాక్టీరియా చనురంధ్రం గుండా లోపలికి చేరితే పాలు విరిగి గడ్డలుగా వస్తాయి, పొదుగు గట్టిపడుతుంది, ఆలస్యమైతే ఆ చన్ను శాశ్వతంగా పాలివ్వకుండా పోవచ్చు. అందుకే తొలి గడ్డ కనబడగానే యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించడం అలవాటైపోయింది. 2012లో సవరించిన ఔషధ నిబంధనల ప్రకారం, మందు ఇచ్చాక ఎన్నాళ్లు పాలు వాడకూడదన్న గడువు ఆ మందుకు ప్రత్యేకంగా నిర్ధారణ కాని పక్షంలో, పాలను కనీసం 7 రోజులు వాడకూడదు. రెండు గేదెల మీద బతికే కుటుంబం వారం రోజుల పాలు పారబోస్తుందని ఎలా ఆశిస్తాం? మందు అవశేషాలున్న పాలు సరిగా తోడుకోవన్నది ఇంట్లో కనిపించే నష్టం. మందుకు లొంగని బ్యాక్టీరియా పెరగడం కంటికి కనిపించని, అంతకంటే పెద్ద నష్టం.

జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రచారం చేస్తున్న మూలికా చికిత్సకు ఇక్కడే ప్రాధాన్యం. 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి రుబ్బితే, పసుపుకు సున్నం తగిలి ముద్ద పారాణిలా ఎర్రబడుతుంది. అందులో కొంత తీసి నీళ్లతో పలుచన చేసి, పాలు పూర్తిగా పిండి కడిగిన పొదుగంతటికీ రోజుకు 8 నుంచి 10 సార్లు పూయాలి. పూత పైపైనే, చన్ను లోపలికి ఎక్కించకూడదు. తమిళనాడుకు చెందిన పశువైద్య ఆచార్యుడు ఎన్. పుణ్యమూర్తి వంటివారు ఇలాంటి మూలికా మందుల తయారీలను క్రోడీకరించగా, 2024లో కేంద్రం విడుదల చేసిన ప్రామాణిక పశుచికిత్స మార్గదర్శకాల్లోనూ సంప్రదాయ పశువైద్యానికి చోటు దక్కింది.

ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే నయమైన పశువుల లెక్క ఒక్కటే చూపించి మందు పనిచేసిందనడం చాలదు. ఈ.కోలై వల్ల వచ్చే తేలికపాటి పొదుగువాపు చాలాసార్లు పశువు సొంత రోగనిరోధక శక్తితోనే తగ్గిపోతుంది. పైగా, మాటిమాటికీ పాలు పిండడం, పొదుగు శుభ్రంగా కడగడం కూడా ఈ చికిత్సలో భాగమే. తగ్గిన ఫలితంలో పసుపు వాటా ఎంత, పిండడం వాటా ఎంత అన్నది పోల్చి చూసే బృందం లేకుండా తేలదు. పసుపులో ఔషధ గుణమున్న ప్రధాన పదార్థమైన కుర్కుమిన్ శాతం కూడా రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఒక ఊళ్లో పనిచేసిన ముద్ద మరో ఊళ్లో అంతే పనిచేస్తుందని ముందే అనలేం. జ్వరంతో మేత మానేసి, లేవలేని స్థితిలో ఉన్న పశువుకు మాత్రం ముద్ద పూస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. దానికి వెంటనే డాక్టరు కావాలి.

తిరుపతి, హైదరాబాద్‌లలోని పశువైద్య విశ్వవిద్యాలయాలకు ఈ పరీక్ష అసాధ్యమైనదేమీ కాదు. తేలికపాటి కేసులను రెండుగా విభజించి, ఒక బృందానికి పాలు పిండి కడగడం మాత్రమే, మరో బృందానికి దానితో పాటు ముద్ద కూడా ఇచ్చి, చికిత్సకు ముందూ తర్వాతా పాలలో బ్యాక్టీరియాను, పొదుగువాపు ఉంటే పెరిగే కణాల (ముఖ్యంగా తెల్ల రక్తకణాల) సంఖ్యను కొలవాలి. ఫలితం ఎలా ఉన్నా ప్రకటించాలి. ఈలోగా ప్రతి పాల కేంద్రంలో కాలిఫోర్నియా మాస్టైటిస్ (పొదుగువాపు) పరీక్షకు పాలలో కలిపే ద్రావణాన్ని అందుబాటులో ఉంచితే, లక్షణాలు బయటపడకముందే జబ్బును పట్టుకోవచ్చు. మూలికా చికిత్సకైనా, మరే చికిత్సకైనా ఎక్కువ అవకాశం ఉండేది ఆ దశలోనే.