నల్లమలలో దారులకు కొదవ లేదు, నడవనిచ్చే పద్ధతే లేదు

చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం జాతరకు వెళ్లొచ్చిన వాళ్ల చెవుల్లో ఆ కేకలు చాలా రోజులు మోగుతాయి. లొద్దిలోకి, అంటే లోతైన ఇరుకు లోయలోకి, దిగేటప్పుడు ‘వత్తన్నం వత్తన్నం లింగమయ్యో’, తిరిగి ఎక్కేటప్పుడు ‘పోతున్నం పోతున్నం లింగమయ్యో’. ఇరుకు బాటలో దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకరినొకరు రాసుకుంటూ పోతారు. ఎదుటివాడు ఎటు పోతున్నాడో ముఖం చూడకుండానే, కేకను బట్టి తెలిసిపోతుంది. సిగ్నల్ లైట్లు లేని చోట ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంజినీర్లు కూడా చేయలేరేమో.

నేను వెళ్లిన ఏడాది ఒకచోట ఆ రెండు కేకలూ ఆగిపోయాయి. ఒకవైపు రాతిగోడ, ఇంకోవైపు లోయ, మధ్యలో మేం. ముప్పావుగంట పాటు ముందుకూ కదల్లేదు, వెనక్కీ కదల్లేదు. నా ముందున్న పెద్దామె కొడుకు భుజం పట్టుకుని ‘ఇంగ నాతోని గాదు బిడ్డా’ అంటూ బండ మీద కూలబడింది. ఎవరో నీళ్ల సీసా అందించారు, ఎవరో తువ్వాలుతో విసిరారు. ఆ రోజుకు అంతటితో గండం గడిచింది. అన్నిసార్లూ గడవలేదు. 2023 ఏప్రిల్‌లో ఇదే జాతరకు వచ్చిన ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడిబొడ్డున ఉంటుంది సలేశ్వరం. ఎండాకాలంలోనూ ఎండని జలధార, దాని కింద గుండం, గుహలో లింగం, పూజ చేసేది చెంచులు. జాతర ఆ కొద్ది రోజులే. జనం మాత్రం లక్షల్లో. జాతర ముగియగానే గేటు పడుతుంది, మళ్లీ ఏడాది దాకా ఆ దారి మామూలు మనిషికి మూసుకున్నట్టే. 2,611 చదరపు కిలోమీటర్ల అడవిలోకి కాలినడకన వెళ్లడానికి తెలంగాణ వాళ్లకు బాగా తెలిసిన దారి ఇదొక్కటే కావడం, అదీ ఏడాదిలో ఆ నాలుగు రోజులే కావడం నాకు మింగుడుపడదు.

పైగా ఆ రోజులు ఎప్పుడొస్తాయో చూడండి. చైత్రం అంటే నల్లమలలో ఆకు రాలిపోయిన కాలం. నల్లమద్ది, ఏగిస, తునికి, మోదుగ అన్నీ మోడులై ఉంటాయి. మోకాలెత్తు గడ్డి ఎండి, అగ్గిపుల్ల తగిలితే భగ్గుమనేలా ఉంటుంది. అటవీశాఖ లెక్కలో అది మంటల సీజన్. వాగులు ఎండిపోయి, కణుజులూ దుప్పులూ ఎలుగులూ మిగిలిన కాసిన్ని చెలమల దగ్గరికి చేరే కాలమూ అదే. సరిగ్గా అప్పుడే మనం లక్షలమందిమి, బీడీలతో, వంటపొయ్యిలతో, ప్లాస్టిక్ సంచులతో ఒక నీటి లొద్దిలోకి దిగుతాం. జాతరను పౌర్ణమి నుంచి వేరే రోజుకు మార్చమని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా. అది చెంచుల దేవుడి తిథి. జాతర పెట్టిన కాలంలో వచ్చింది చుట్టుపక్కల పల్లెల జనమే. ఇప్పుడు హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు మీద కార్లు బారులు తీరుతున్నాయి. వాళ్లలో సగంమందికి పైగా లింగమయ్య కోసం ఎంత వచ్చారో, అడవిలో నడవాలన్న కోరికతోనూ అంతే వచ్చారని నా అనుమానం. వేరే రోజున, వేరే దారిలో నడిచే వీలుంటే వాళ్లలో చాలామంది ఈ రద్దీలోకి రారు.

వీలు లేనప్పుడు ఏం జరుగుతుందో కూడా ఒకసారి నాకు తెలిసొచ్చింది. వారాంతపు ట్రెక్కింగ్ బృందమొకటి వాట్సాప్‌లో పెట్టిన పోస్టర్ చూసి డబ్బు కట్టాను. బృందం పేరెందుకు గానీ, తెల్లవారుజామున నల్లమల అంచున ఒక గుట్ట దగ్గర బస్సు దింపాక అసలు సంగతి బయటపడింది. మాకు దారి చూపించాల్సిన కుర్రాడు కూడా అక్కడికి రావడం మొదటిసారే. ఇంకెవరో ఎప్పుడో నడిచిన జీపీఎస్ గీత అతని ఫోన్‌లో ఉంది, అదే గైడ్. అనుమతి ఉందా అంటే ‘ఏం కాదు సార్, ఎవరూ అడగరు’ అన్నాడు. పదకొండింటికల్లా గీత ఒకవైపు, గుట్ట ఒకవైపు అయ్యాయి. నీళ్లు అయిపోయాయి, టెన్షన్ మొదలైంది. మేకలు కాస్తున్న తాత ఒకాయన ఎదురుపడి మమ్మల్ని కిందా మీదా చూసి, ‘ఈ ఎండల ఈడికెందుకొచ్చిన్రు సారూ’ అని నవ్వి, అరగంటలో రోడ్డెక్కించాడు. ఆ రోజు మాకు అందిన సేవ మొత్తం ఆయనదే. డబ్బు మాత్రం పోస్టర్ వేసినవాడికి పోయింది.

ఇదంతా చెబితే అధికారుల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: పులులున్నాయి. ఉన్నాయి, నిజమే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం, అదీ న్యాయమే. కానీ ఆ అనుమతి ఇచ్చే అధికారాన్నీ అదే చట్టం అటవీశాఖకు ఇచ్చింది. అడవి నడిబొడ్డైన కోర్ ప్రాంతంలో సైతం 20 శాతం మించకుండా, అడవికి తక్కువ భారం పడేలా పర్యాటకాన్ని అనుమతించవచ్చని పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ లెక్కలోనే జీపు సఫారీలు నడుస్తున్నాయి. డీజిల్ ఇంజిన్ లోపలికి పోవచ్చు గానీ, మనిషి కాలు ఎందుకు పోకూడదో ఎవరూ సరిగ్గా చెప్పరు. మన్ననూరులో 2021లో మొదలుపెట్టిన బస ప్యాకేజీలో కాస్త నడకను కూడా కలిపారు. మంచిదే, కానీ అది రాత్రి బసకు డబ్బు పెట్టగలిగిన వాళ్లకు దొరికే తాయిలం లాంటిది.

కేరళలోని పెరియార్ కూడా పులుల అభయారణ్యమే. అక్కడ అటవీశాఖే గైడ్లను తోడిచ్చి జనాన్ని అడవిలో నడిపిస్తుంది, గుడారాల్లో పడుకోబెడుతుంది. ఆ గైడ్లలో కొందరు ఒకప్పుడు దొంగచాటుగా చెట్ల బెరడు ఒలిచి అమ్ముకున్నవాళ్లు. 1990ల చివర్లో వాళ్ల మీద కేసులు పెట్టుకుంటూ పోవడం కన్నా వాళ్లకు తెలిసిన అడవినే జీవనాధారం చేయడం మేలని అక్కడి అధికారులకు తట్టింది. దొంగదారులు తెలిసినవాడే మంచి కాపలాదారు అవుతాడని మన ఊళ్లలో ఎప్పుడో కనిపెట్టారు గదా.

తమిళనాడుకు బుద్ధి వచ్చింది దెబ్బ తిన్నాకే. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. ఆ తర్వాత నిబంధనలు రాసుకున్నారు. 2024 అక్టోబర్‌లో ఏకంగా 40 దారులను గుర్తించి, ఆన్‌లైన్ బుకింగ్ పెట్టి, స్థానిక గిరిజన యువతకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా తీసుకున్నారు. కర్ణాటక కథ ఇంకోటి. 2024 జనవరిలో, రిపబ్లిక్ డే సెలవులకు కుమార పర్వతం మీద జనం చీమల బారులా కనిపించిన వీడియో చూసి ప్రభుత్వం ఉలిక్కిపడింది. దారికి రోజుకు 300 మందే అని పరిమితి పెట్టి ఆన్‌లైన్ టికెట్ తప్పనిసరి చేసింది. దక్షిణాదిలో ఈ మూడు రాష్ట్రాలూ ఏదో ఒక పద్ధతికి వచ్చాయి. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం అయితే జాతర, లేకపోతే తాళం.

నడక మనకు కొత్తదా అంటే కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమలకు పోయే దారి శేషాచలం అడవిలోంచే పోతుంది. 2023 ఆగస్టులో అక్కడ చిరుత ఒక చిన్నారిని పొట్టనపెట్టుకుంది. అప్పుడు కూడా దారి మూసేయలేదు. పిల్లలతో వచ్చేవాళ్లకు వేళలు పెట్టారు, గుంపులుగా పంపారు, చేతికి కర్ర ఇచ్చారు. కర్ర మీద జోకులు చాలానే పేలాయి. నాకైతే అందులో నవ్వడానికేం కనిపించలేదు. అడవి జంతువులున్న దారిని మూసేయకుండా నడపడానికి పూనుకున్నారు, అది చాలు.

అలాగని సలేశ్వరాన్ని ఏడాది పొడవునా తెరవమని నేను అడగను. ఆ లొద్ది అలా తాళం వేసి ఉండటమే దానికి రక్ష. నేనడిగేది అంచుల గురించి. అచ్చంపేట దగ్గర రంగాపూర్ నుంచి ఉమామహేశ్వరం కొండ, మన్ననూరు వైపు ప్రతాపరుద్రుడి కోట, వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం. ఇవన్నీ ఇప్పటికే జనం పోతున్నవి, రోడ్డుకు దగ్గరవి. వీటికి కావాల్సింది ఒక గుర్తు రాయి, ఒక లెక్క, తోడు ఒక మనిషి.

ఆంధ్ర వైపు ఇంకా గొప్ప దారులున్నాయి. ఎగువ అహోబిలంలో భవనాశి వాగు పక్కన జ్వాలా నరసింహుడి దాకా నడిచినవాళ్లను అడగండి. రెండు పక్కలా నిట్టనిలువు కొండచరియలు, ఎర్రటి రాతి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇటుకల్లా ఉంటాయి. వానాకాలం పోయిన కొత్తలో అయితే పైనుంచి నీళ్లు మనిషి నెత్తిన పడతాయి. తలెత్తితే ఉగ్రస్తంభం. హిరణ్యకశిపుడి కథ తెలియనివాడికైనా ఆ బండను చూస్తే ఏదో చీలి బయటికొచ్చిందనే అనిపిస్తుంది. పావన నరసింహుడి దారిలో అడవి ఇంకా చిక్కన. అక్కడ చెంచు లక్ష్మి పుట్టింటి కథ చెప్పని ముసలివాళ్లుండరు. స్వామి చెంచులకు అల్లుడు. సంక్రాంతి దాటాక పారువేట అనే వేట ఉత్సవానికని బయల్దేరి దాదాపు నలభై రోజులు ఊరూరా తిరిగి, తన పెళ్లికి తానే పిలుపులు చేసుకునే దేవుడు వేరే ఎక్కడైనా ఉన్నాడేమో నాకు తెలియదు.

అన్నిటికన్నా పాతది శ్రీశైలం మెట్ల దారి. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి వీరభద్రుడి గుడి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా మల్లన్న దగ్గరికి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చిన్నప్పుడు సాంఘిక శాస్త్రంలో బట్టీ పట్టాం. ఆ మెట్ల మీద అడుగు పెట్టినవాళ్లు మనలో ఎంతమంది? శివరాత్రికి కొందరు, ఉగాదికి కన్నడ భక్తులు వేలల్లో. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని వాళ్ల నమ్మకం, పండక్కి సారె తెచ్చినట్టు వస్తారు. కొందరు కర్రకాళ్లు కట్టుకుని మరీ ఈ కొండలెక్కుతారు. భీముని కొలను దగ్గర మెట్లు లోయలోకి దిగి మళ్లీ అవతలి ఒడ్డున నిలువునా లేస్తాయి. అక్కడ కూర్చుంటే బెట్టుడుత ఒకటి చెట్టు కొమ్మల మీంచి మనల్ని తిట్టిపోస్తుంది. ఆ ఒక్క చోటు కోసం ఎంత దూరమైనా నడవొచ్చు.

గైడ్లు ఎవరన్న ప్రశ్నకు జవాబు అడవిలోనే ఉంది. తాళ్లు కట్టుకుని కొండచరియల మీంచి జుంటితేనె తీసే చెంచుల కంటే ఈ రాళ్లు తెలిసినవాళ్లెవరు? అటవీశాఖ వాళ్లను కాపలా పనికి ఇప్పటికే పెట్టుకుంటోంది. అయితే ఇక్కడ నాకో భయముంది. నగరం నుంచి వచ్చినవాళ్లకు ‘పెంట’ అనే మాట వింటేనే నవ్వు. అది చెంచుల గూడేనికి పేరని తెలిశాక సెల్ఫీ కోసం గుడిసెలో తొంగి చూస్తారు. చెంచును గైడుగా పెట్టడం వేరు, బొమ్మగా నిలబెట్టడం వేరు. అందుకే గైడు రుసుము నేరుగా వాళ్ల సంఘానికే చేరాలి. ఏ దారి ఎప్పుడు మూయాలో, ఏ పెంట పక్కనుంచి పోకూడదో చెప్పే మాట కూడా వాళ్లదే కావాలి. అటవీ హక్కుల చట్టం 2006 గ్రామసభకు అడవిని కాపాడే అధికారం ఇచ్చింది. దాన్ని కాగితం మీంచి కాలిబాట మీదికి తేవడానికి ఇదొక సందు.

2019లో యురేనియం కోసం అమ్రాబాద్‌లో తవ్వకాలు జరుగుతాయన్నప్పుడు ‘సేవ్ నల్లమల’ అంటూ సినిమావాళ్లు, విద్యార్థులు, ఉద్యోగులు ఒక్కటయ్యారు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది. అప్పుడు పోస్టులు పెట్టిన నా మిత్రుల్లో చాలామంది శ్రీశైలం పోతూ కారు అద్దంలోంచి తప్ప నల్లమలను చూడలేదు. చూడకుండానే అంత ప్రేమ పుట్టింది. రేపు ఇంకేదో ప్రాజెక్టు వస్తుంది. అప్పటికి ఆ బండల మీద చెమట కార్చినవాళ్లు కొన్ని వేలమందైనా ఉంటే, ఆ గొంతు ఇంకోలా ఉంటుంది.

మొదలుపెట్టాలంటే శ్రీశైలం మెట్ల దారితో మొదలుపెట్టొచ్చు. కార్తీకం నుంచి మాఘం దాకా, వాగులు తగ్గి మంటల భయం మొదలయ్యేలోపు. రోజుకు యాభై మంది, పది మందికొక చెంచు గైడు, తెల్లారి బయల్దేరి చీకటి పడకముందే పెద్దచెరువు చేరాలి, నిప్పు వెలిగించకూడదు, తెచ్చిన చెత్త తిరిగి లెక్క అప్పజెప్పాలి. శివరాత్రి దగ్గరపడగానే దారి మళ్లీ యాత్రికులది. ఇంకో మాట, అక్కడ పెట్టే బోర్డులు తెలుగుతో పాటు కన్నడంలోనూ రాయించండి. మనం కార్లెక్కాక కూడా ఆ మెట్లను అరగదీస్తూ వచ్చింది వాళ్లే.