“తెల్లారేసరికి పోతుంది” అంట!

మళ్లీ వచ్చింది ఆ ఫార్వర్డ్ మెసేజి. “మగవారికి మాత్రమే, సిగ్గుపడకుండా చదవండి” అని పైన, దణ్ణం పెట్టే చేతులు కింద, మధ్యలో వృషణాల నొప్పికి, గజ్జల నొప్పికి ఆరు సూత్రాలు. స్కూలు గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంటు గ్రూపులో వచ్చింది, మా పెదనాన్న విడిగా నాకొక్కడికే పంపించి “ఉపయోగపడుతుంది రా” అన్నాడు. ఆయనకి ఎదురు చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

మొదటి సూత్రం: “నొప్పంతా ఒంట్లో వేడి వల్లే. సబ్జా, బార్లీ, కొబ్బరినీళ్లు తాగితే చాలు.” తాగండి, ఎవరొద్దన్నారు? ఎండాకాలం నీళ్లు తక్కువ తాగితే మూత్రం మండుతుంది, తాగితే తగ్గుతుంది, అక్కడిదాకా సరే. కానీ నడుము పక్కన మొదలై గజ్జలోకి మెలిపెడుతూ దిగే నొప్పి చాలాసార్లు కిడ్నీ రాయి కిందికి జారుతున్న నొప్పి, అది వృషణంలో కూడా తెలుస్తుంది. దానికి చలిజ్వరం తోడైతే బార్లీ కాచుకుంటూ కూర్చోకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. మూత్రంలో రక్తం కనిపిస్తే, నొప్పి లేకపోయినా సరే, యూరాలజిస్టుకి, అంటే మూత్రకోశ వ్యాధుల డాక్టరుకి, చూపించాల్సిందే.

రెండోది: “హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుపడి నొప్పి.” కాదు. బస్టాండు గోడల మీద లాడ్జి డాక్టర్ల పోస్టర్లు చదివి రాసినట్టున్నాడు. పదండి ముందుకి.

మూడోదాని దగ్గరే నా ఓపిక పోయింది. “రాత్రిపూట హఠాత్తుగా నొప్పి వస్తే కంగారుపడి ఆస్పత్రికి పరుగెత్తకండి. ఆముదం రాసి, జిల్లేడాకు వెచ్చచేసి కట్టి, గుడ్డ బిగించి పడుకోండి. తెల్లారేసరికి పోతుంది.”

పోతుంది. నొప్పి కూడా పోతుంది. రక్తం అందక బీజం, అంటే వృషణం, చచ్చాక ఇంక నొప్పెట్టడానికి అక్కడ ఏముంటుంది?

దీన్ని టార్షన్ అంటారు. వృషణానికి రక్తం తెచ్చే నాళాల కట్ట మెలి తిరిగిపోయి రక్తం ఆగిపోతుంది. ఏ వయసులోనైనా రావచ్చు గానీ ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల కుర్రాళ్లకి వస్తుంది, నిద్రలోంచి లేపేసేంత నొప్పి, ఒక పక్కనే, తరచుగా వాంతులతో పాటు, ఆ పక్క బీజం పైకి లాగేసినట్టుంటుంది. 6 గంటల లోపల ఆపరేషన్ చేసి మెలి విప్పితే పదిమందిలో తొమ్మిదిమందికి బీజం దక్కుతుంది. 12 గంటలకి అది సగానికి పడిపోతుంది, 24 గంటలు దాటితే దాదాపు తీసేయడమే. ఇప్పుడు లెక్కేయండి, రాత్రి పదకొండుకి నొప్పి మొదలైతే తెల్లవారుజామున ఐదుకే గడువైపోయింది. అప్పటికి మన మహానుభావుడి జిల్లేడాకు ఇంకా కట్టే ఉంటుంది, పైగా ఆ పాలు తగిలి అక్కడి పల్చటి చర్మం బొబ్బలెక్కి ఉంటుంది.

ఇంకో సంగతి, కుర్రాళ్లు అమ్మకి ఈ మాట చెప్పరు. “కడుపునొప్పి” అంటారు. అబద్ధం కూడా కాదు, నిజంగానే పొత్తికడుపులో నొప్పి వస్తుంది. గ్యాస్ అనుకుని ఓ మాత్ర వేసి పడుకోబెడతాం. కడుపునొప్పి, వాంతులు అన్న కుర్రాణ్ని “కింద కూడా నొప్పిగా ఉందా?” అని అడగడానికి మనకేం మొహమాటం? నాన్న అడగొచ్చు, బాబాయి అడగొచ్చు, తలుపేసి అమ్మే అడగొచ్చు. నొప్పి వచ్చి దానంతటదే తగ్గిపోయినా వదిలేయొద్దు, మెలి పడి విడిపోయిందేమో, మళ్లీ పడొచ్చు. ఆపరేషన్‌లో రెండో పక్కదాన్ని కూడా కుట్టి కదలకుండా చేసేది, అదీ మెలి పడొచ్చనే.

“ఒకటి పోతే ఏమైంది, రెండోది ఉందిగా, పిల్లలు పుడతారుగా” అని ఒకాయన గ్రూపులో కామెంటు పెట్టాడు. పుడతారు, నిజమే. కన్ను కూడా రెండోది ఉంది, ఇచ్చేస్తారా?

గుడ్డ బిగించడం గురించి మాత్రం ఒక మాట ఒప్పుకుంటా. ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చే వాపులో, అంటే ఒకట్రెండు రోజుల్లో మెల్లగా పెరిగి, జ్వరం, మూత్రంలో మంట ఉండేదానిలో, కింద ఆసరా ఇచ్చే బిగుతు డ్రాయరు వేసుకోమని డాక్టర్లే చెబుతారు. కాకపోతే అది చూశాక, యాంటీబయాటిక్ రాశాక. ఏది టార్షనో ఏది ఇన్‌ఫెక్షనో మంచం మీద కూర్చుని తేల్చలేం.

నాలుగోది: “బుడ్డ వయసుతో వచ్చేదే, సూదితో నీళ్లు తీయిస్తే సరి.” బుడ్డ అంటే వృషణం చుట్టూ నీరు చేరిన వాపు. తీయిస్తే మళ్లీ నిండుతుంది, పైగా సూది వల్ల చీము పట్టే ప్రమాదం ఒకటి. బోదకాలు తెచ్చే దోమే చాలామందికి దీన్నీ తెచ్చింది, గోదావరి జిల్లాల వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పెద్దదై ఇబ్బంది పెడుతుంటే చిన్న ఆపరేషన్‌తో తీరుతుంది. కానీ పడుకుంటే లోపలికి పోయి నిలబడితే దిగే వాపు బుడ్డ కాదు, పేగు గజ్జలోంచి జారే హెర్నియా కావచ్చు. అది లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే అదీ అర్ధరాత్రి కేసే.

ఐదోది: “గడ్డకి నొప్పి లేకపోతే భయం లేదు.” సరిగ్గా తలకిందులుగా రాశాడు. వృషణంలో కేన్సర్ ఎక్కువగా నొప్పి లేని గట్టి గడ్డగానే మొదలవుతుంది, అదీ 15 నుంచి 40 ఏళ్ల మధ్య. మన దేశంలో అరుదు, తొందరగా పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది, కాబట్టి టెన్షన్ పడొద్దు, స్కానింగ్ చేయించుకోండి. అంతే.

ఆరోది: “యూరాలజిస్టు దగ్గరికెళ్తే ఆపరేషనే అంటాడు.” తిడదామనుకున్నా గానీ సగం అతని పక్షమే. గజ్జల్లో దురద, తామర అయితే యూరాలజిస్టు ఎందుకు, చర్మం డాక్టరు చాలు, మెడికల్ షాపువాడు ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము మాత్రం రాయొద్దు. అంగం మీద చర్మం మాటిమాటికీ పగిలి ఎర్రబడుతుంటే ముందు షుగరు చూపించుకోండి. ఎడమ పక్క నరాలు ఉబ్బే వేరికోసీల్‌కి చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు, “ఎందుకు చేయాలి?” అని అడిగే హక్కు మీకుంది.

ఆ మాటకొస్తే టార్షన్ రాత్రి కూడా యూరాలజిస్టే దొరకాలని లేదు, జనరల్ సర్జన్ చేస్తాడు. ఊళ్లో ఎవరూ లేకపోతే 108కి ఫోన్ చేసి సర్జన్, మత్తు డాక్టరు ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. దార్లో తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. క్యాజువాలిటీలో నొప్పి ఎన్నింటికి మొదలైందో ముందే చెప్పండి. రక్తం అందుతోందో లేదో చూసే డాప్లర్ స్కానింగ్ పొద్దున తొమ్మిదికి గానీ తెరవరు, అప్పటిదాకా ఆగండి అంటే అక్కడ ఆగకండి, వేరే ఆస్పత్రికి బయల్దేరండి.