కదలకండి, క్రీడలు జరుగుతున్నాయి

పరుగెత్తే పిల్లవాడి ఫోటో తీయడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. ఆ పరుగును ప్రారంభించే ముఖ్య అతిథి ఫోటో తీయడానికి మూడు గంటలు పడుతుంది. హనుమకొండ, కాజీపేట మైదానాల్లో ఇరవై ఆరేళ్లుగా మెడలో కెమెరా వేసుకొని తిరుగుతున్న నేను ఈ సత్యాన్ని ఆలస్యంగా గ్రహించాను. అంతవరకు ఆటే ముఖ్యమనీ, అతిథి మర్యాద కోసం వస్తాడనీ నాకొక అపోహ ఉండేది. ఈ వృత్తిలో రెండు పూటలా తినదలచినవాడు మొదట వదిలించుకోవలసింది దానినే.

కబడ్డీనే తీసుకుందాం. నిబంధనల ప్రకారం ఒక రైడ్‌కు 30 సెకన్లు. ప్రారంభోత్సవంలో అతిథి చేసే రైడ్‌కు ఆ పరిమితి వర్తించదు. ఆయన చెప్పులతోనే బరిలోకి దిగుతారు, ఆయన వెంట పధ్నాలుగు మంది దిగుతారు, ఎదుటి జట్టులోని ఏడుగురు పిల్లలు ఎక్కడ నిలబడాలో తెలియక గీత మీదికి జరుగుతారు. ఆయన ఒక్కసారి "కబడ్డీ" అని, ఒక పిల్లవాడి భుజం మీద చేయి వేసి, ఆ భంగిమలోనే నా వైపు తిరుగుతారు. కూత మధ్యలో ఫోన్ ఎత్తి మాట్లాడినా అవుట్ కాని రైడర్ ప్రపంచంలో ఆయన ఒక్కరే. పట్టుకునే సాహసం ఏ డిఫెండరూ చేయడు. ఈ ఘట్టాన్ని చిత్రించడానికి ఖరీదైన లెన్స్ గాని, చురుకైన వేలు గాని అక్కరలేదు. ఓపిక ఉంటే చాలు.

నిజమైన రైడ్ సంగతి వేరు. అద్దమున్న పాతకాలపు ఎస్ఎల్ఆర్ కెమెరాలో మీట నొక్కగానే లోపలి అద్దం పైకి లేస్తుంది, ఆ లిప్తపాటు కంటికి చీకటి. కాబట్టి రైడర్ గాలిలోకి లేవడం నాకు కనబడిందంటే అది ఫోటోలో పడలేదన్నమాట. ఫోటోలో పడిందంటే నేను దానిని చూడలేదన్నమాట. అతిథుల విషయంలో ఈ వేదాంతానికి తావు లేదు. మీట నొక్కకముందూ, నొక్కుతున్నప్పుడూ, నొక్కిన తరువాతా వారు అక్కడే ఉంటారు.

1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ పన్నెండు కెమెరాలు వరుసగా పెట్టి, దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను విడుస్తాయని రుజువు చేశాడు. ఆ రోజు గుర్రాన్ని "జర ఆగు, ఇటు చూడు" అని ఎవరూ అడగలేదు. కదిలేదానిని ఆపకుండానే దాని ఫోటో తీయవచ్చునని తేల్చడానికి ఆయన పడిన కష్టమంతా మన దగ్గరికి వచ్చేసరికి వృథా అయింది. మనం కదిలేదానినే ఆపేస్తాం. పెండ్లిలో పుస్తె కట్టే చేయి ఆగుతుంది, పంతులు మంత్రం ఆగుతుంది, తలంబ్రాలు దోసిట్లో ఆగుతాయి. (ఆపేది నేనే; దాచడమెందుకు?) చివరికి పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ నాడు కూడా, చుట్టూ తిరిగితేనే అది ఆట అని తెలిసిన అక్కలు, పెద్ద మనిషి భార్య బతుకమ్మను చేత పట్టుకొని నవ్వేదాకా చప్పట్లు ఆపి నిలబడతారు.

మా జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి ఒక గౌరవం ఉంది. 2021 సెప్టెంబరులో అక్కడ జరిగిన జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్‌లో హర్‌మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నుంచి సునీతా రాణి పేరు మీద ఉన్న 4 నిమిషాల 6.03 సెకన్ల జాతీయ రికార్డును చెరిపేసింది. తేడా 0.64 సెకను. మా సభా వేదికల మీద ఒక శాలువా మడత విప్పడానికి అంతకు పదింతలు పడుతుంది, దానిని మళ్లీ విప్పి మళ్లీ కప్పమనడం అదనం. 1984 లాస్ ఏంజెలిస్‌లో పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్నదని తేల్చింది కూడా ఫోటోనే. ఆ ఫోటో ఫినిష్ కెమెరా ముగింపు గీతను తప్ప మరి దేనినీ చూడదు. గీత పక్కన ఎవరు నిలబడ్డారో, వారి అనుచరులు ఎందరో దానికి పట్టదు. అందుకే దానికి మా దగ్గర ఎవరూ బయానా ఇవ్వరు.

బహుమతి ప్రదానానికి వస్తే, పతకం వేయించుకోవడానికి పిల్లవాడు తల వంచుతాడు, వేసేవారు తల ఎత్తి కెమెరాను చూస్తారు. దాని ఫలితంగా నా హార్డ్ డిస్కులో అతిథుల పలువరుసలూ, విజేతల నడినెత్తులూ భద్రంగా ఉన్నాయి. మా క్రీడాకారుల సుడుల గురించి నాకున్నంత సమాచారం ఏ క్షౌరశాలలోనూ దొరకదు. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో (క్రికెట్ టీ20 కాదు, మేధోపరమైన వైకల్యం ఉన్నవారి పరుగు) కాంస్యం గెలిచినప్పుడు ఊరందరితోపాటు నేనూ సంతోషించాను. సంతోషించి, ఇంటికొచ్చి గుబులు పడ్డాను. రేపు నేను ఫోటో తీసిన పిల్లల్లో ఎవరో అంతటివారైతే, చిన్ననాటి ఫోటో కావాలని పత్రికలవాళ్లు అడిగితే, ఏ సుడిని చూపించాలి?

అనుకున్నంత పని పోయిన నెలలో జరిగింది. పత్రికలవాళ్లు కాదు, ఒక తల్లి దుకాణానికి వచ్చింది. మూడేండ్ల కింద తన కొడుకు ఉరికిన ఫోటో కావాలన్నది. పిల్లవాడిప్పుడు చదువు మానేసి పనికి పోతున్నాడట. ఆ రోజువి 412 ఫోటోలు తెరిచాను. జ్యోతి ప్రజ్వలన, జెండా, బెలూన్లు, శాలువాలు, మళ్లీ శాలువాలు. బహుమతుల దగ్గర ఆమె వేలు పెట్టి ఆపింది. "గీడనే సార్. రెండు సుడులు. రెండు పెండ్లిలయితయని మా అత్త నవ్వేది."

"ముఖం లేదా?" అని ఆమె అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. వేదిక మీదికి పిలుపు వచ్చి నేను పరుగెత్తుతుంటే వేలు తగిలి దానంతటదే పడిన ఫోటో అది. వంకరగా ఉంది, కొంచెం చెదిరింది, కాని పిల్లవాడు నోరు తెరుచుకొని, రెండు కాళ్లూ నేలకు అందకుండా, గుర్రంలాగే ఉన్నాడు. కుడి మూలన తెల్ల చొక్కా మోచేయి ఒకటి అడ్డం వచ్చింది.

"గా మోచెయ్యి తీసెయ్యరాదు సార్?" అన్నదామె.

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ముఖ్య అతిథిని కత్తిరించమని నన్నెవరూ అడగలేదు. నేను లేచి, దుకాణం ముందు ఎవరూ లేరని చూసుకొని వచ్చి, కత్తిరించాను.