ముఖం మీద నిమ్మకాయ పిండడం ఇక ఆపండి

జిడ్డు ముఖం ఉన్నవాళ్లకు ఉచిత సలహాలకు కొదవ ఉండదు. పొద్దున శుభ్రంగా ముఖం కడుక్కుని బయటపడినా మధ్యాహ్నానికల్లా ముక్కు, నుదురు మెరవడం మొదలుపెడతాయి. ఎదురైనవాళ్లు ‘ఏమిటి, అంత నీరసంగా ఉన్నావు?’ అని పలకరించి, మూడో మాటకు నిమ్మరసం దగ్గరికి వచ్చేస్తారు. ఆ తర్వాత వరసగా వంటసోడా, టమాటా గుజ్జు, గుడ్డు తెల్లసొన, పంచదారతో రుద్దుడు. చివరన మాత్రం అందరిదీ ఒకటే మాట: ‘అన్నీ సహజమైనవే, పోయేదేముంది?’ నా కోపమంతా ఆ చివరి మాట మీదే. పోయేది చాలా ఉంది. ముందు పోయేది చర్మం.

సహజ పద్ధతులంటే నాకు పడదని అనుకోకండి. నాదీ జిడ్డు ముఖమే. మట్టి పూత నేనూ వేసుకుంటాను, కిటికీ దగ్గర కలబంద కుండీ కూడా ఉంది. నేను వద్దంటున్నది రెండిటినే. ఒకటి, చెట్టు నుంచి వచ్చింది కాబట్టి చర్మానికి మంచిదే అయి ఉంటుందనే నమ్మకం. రెండు, పైపూతతో లోపలి గ్రంథి దారికి వస్తుందనే ఆశ.

అసలు ఆ నూనె ఎలా తయారవుతుందో తెలిస్తే సగం చిట్కాలు వాటంతటవే రాలిపోతాయి. చర్మంలో వెంట్రుకల కుదుళ్లను అంటిపెట్టుకుని తైల గ్రంథులు ఉంటాయి. అరచేతుల్లో, అరికాళ్లలో ఇవి అసలు ఉండవు. ముఖం మీద, తల మీద మాత్రం ఒక్కో చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 దాకా ఉంటాయి. గ్రంథిలోని కణం లోపల కొవ్వు నింపుకుంటూ ఉబ్బి, చివరికి తానే పగిలిపోతుంది. ఆ పగిలిన కణమే మనం తుడుచుకునే జిడ్డు. కణం పుట్టి, నిండి, పగలడానికి వారాలు పడుతుంది. దీన్ని నడిపించేది రక్తంలో తిరిగే హార్మోన్లు, ముఖ్యంగా ఆండ్రోజెన్లు అనే పురుష హార్మోన్లు (ఇవి ఆడవాళ్లలోనూ కొద్దిగా ఉంటాయి). తల్లి హార్మోన్ల ప్రభావంతో పుట్టిన బిడ్డలో ఈ గ్రంథులు కొంతకాలం చురుగ్గా ఉండి, తర్వాత నిద్రపోయి, యుక్తవయసులో మళ్లీ మేలుకుంటాయి. ఆడవాళ్లలో బహిష్టులు ఆగిపోయాక నూనె బాగా తగ్గుతుంది, మగవాళ్లలో చాలా కాలం అలాగే కొనసాగుతుంది. గ్రంథి ఎంత పెద్దదిగా ఉండాలో, ఎంత చురుగ్గా ఉండాలో చాలావరకు వంశపారంపర్యమే తేలుస్తుంది. ఇన్ని కారణాలు లోపల ఉండగా, ఇరవై నిమిషాలు పైన పూసిన గుజ్జు ఏం మార్చగలదు? పైన పేరుకున్న జిడ్డును తీయగలదు. అంతే. అది తక్కువ పనేమీ కాదు. కానీ ఆ పనికి చర్మాన్ని కాల్చుకోవాల్సిన అవసరం లేదు.

ఇక నిమ్మకాయ దగ్గరికి వద్దాం. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది. ఆమ్లతను కొలిచే పీహెచ్ లెక్కలో సుమారు 4.5 నుంచి 5.5. అంకె తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ. నిమ్మరసం 2కి కాస్త అటూ ఇటూ. చూడటానికి తేడా చిన్నదే, కానీ ఆ కొలతలో ఒక్కో మెట్టుకు ఆమ్లత పది రెట్లు మారుతుంది. మూడు మెట్లంటే వెయ్యి రెట్లు. ‘చర్మానికి ఆమ్లం మంచిదే కదా’ అని వాదించేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. వంటసోడాది దీనికి తలకిందుల వ్యవహారం. 8 దాటిన క్షారం అది. కొందరు రెండూ కలిపి పూస్తారు. బుసబుస పొంగు వస్తుంది, ఏదో పనిచేస్తోందనిపిస్తుంది. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్, చర్మానికి దానితో సంబంధం లేదు.

పుల్లదనం ఒక్కటే అయితే మంటతో పోయేది. నిమ్మజాతి పండ్ల తొక్కలో, రసంలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, అందులోని అతినీలలోహిత కిరణాలతో కలిసి నిజంగానే కాలిన గాయం చేస్తాయి. ఎర్రబడటం, ఒక్కోసారి బొబ్బలు, ఆ తర్వాత నెలల తరబడి పోని నల్లటి మచ్చలు. ఎండలో నిమ్మకాయలు పిండేవాళ్ల చేతుల మీద రసం కారిన దారిలోనే చారలు పడటం చర్మవైద్యులకు బాగా తెలిసిన సంగతి. రంగు తేలడానికని పూసుకున్నది మచ్చ మిగిల్చి పోతుంది. ఆ మచ్చకు మళ్లీ నిమ్మరసమే రాయమనే మహానుభావులూ ఉన్నారు!

తెల్లసొన సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. ఆరిన మాంసకృత్తుల పొర బిగుసుకోవడాన్ని చర్మం బిగువెక్కడం అనుకుంటున్నారు. కడిగేస్తే అదీ పోతుంది, పైగా పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా భయం. ముతకగా దంచిన గింజల పొడులు, పంచదార పలుకులు పెట్టి రుద్దడం వల్ల కంటికి కనిపించని గీతలు పడతాయి. మొటిమలున్న ముఖం మీద అయితే మంట మీద మంట. ఇక ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయనే కథ. వాటికి కండరాలు లేవండీ, తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ. ఆవిరికి పైనున్న జిడ్డు కాస్త మెత్తబడుతుంది, అంతవరకే.

ఇక్కడ ఇంకో మాట. ‘ముఖం ఎక్కువ కడిగితే గ్రంథి పంతం పట్టి ఇంకా ఎక్కువ నూనె వదులుతుంది’ అని మనలాంటి జాగ్రత్తపరులు కూడా చెబుతుంటారు. దీనికి గట్టి ఆధారం లేదు. పైన ఎంత జిడ్డు ఉందో తొంగి చూసి ఉత్పత్తి పెంచే ఏర్పాటేదీ గ్రంథికి ఉన్నట్టు కనిపించదు. జరిగేది వేరు. మితిమీరి కడిగితే, ఘాటైన సబ్బులు వాడితే చర్మపు పైపొర దెబ్బతిని, పొడిబారి, పొట్టు లేస్తుంది. నూనె మాత్రం తన మామూలు వేగంతో ఊరుతూనే ఉంటుంది. అలా ఒకే ముఖం మీద జిడ్డూ పొట్టూ రెండూ చేరతాయి. అందుకే కడిగాక ముఖం బిగుసుకుపోయినట్టు అనిపిస్తే, అది శుభ్రతకు గుర్తు కాదు.

మరి పనికొచ్చేవి ఏమిటి?

నా ఓటు మొదట మట్టికి. ముల్తానీ మట్టి, తెల్లటి కయోలిన్, బెంటొనైట్, ఏదైనా సరే. ఉన్ని బట్టల జిడ్డు వదిలించడానికి మనుషులు ఎన్నో శతాబ్దాలుగా వాడిన పదార్థం ఇది. దాని సన్నటి రేణువులు నూనెను తమ ఉపరితలానికి పట్టి ఉంచుకుంటాయి. రసాయనాల మాయేమీ లేదు. నీళ్లతో పెరుగంత చిక్కగా కలిపి నుదుటి మీద, ముక్కు మీద, గడ్డం మీద మాత్రమే రాయండి. బుగ్గలు పొడిగా ఉండేవాళ్లు వాటి జోలికి పోకూడదు. కాసేపటికి అంచుల దగ్గర మట్టి రంగు తేలిపోవడం మొదలవుతుంది. ముక్కు పక్కన చూస్తే చిన్న చిన్న ముదురు చుక్కలు కనిపిస్తాయి, నూనె మట్టిలోకి ఎక్కిన చోటల్లా ఒక్కో చుక్క. మధ్యలో ఇంకా తడి ఉండగానే కడిగేయాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. పగుళ్లు వచ్చి, నవ్వితే రాలేదాకా ఉంచుతారు. అప్పటికి నూనెతోపాటు చర్మంలోని తేమ కూడా పోతుంది. వారానికి ఒకసారి చాలు. దీని ఫలితం కొన్ని గంటలేనని తెలిసి వాడుకుంటే నిరాశ ఉండదు.

కలబంద గుజ్జు నూనెను తగ్గిస్తుందని నేను చెప్పను. దానిలో దాదాపు అంతా నీరే. కానీ జిడ్డు చర్మానికి బరువు లేని తేమ కావాలి, ఆ పని బాగా చేస్తుంది. ఆకు కోయగానే పూసుకోకండి. కోసిన అంచు కిందికి ఉండేలా కాసేపు నిలబెడితే పసుపు పచ్చటి, చేదు వాసన వేసే రసం కారిపోతుంది. దురద పెట్టేది ఎక్కువగా అదే.

గ్రీన్ టీ సారంతో చేసిన లేపనాలు నూనెను కొంత తగ్గించినట్టు చిన్న చిన్న పరిశోధనల్లో కనిపించింది. చల్లార్చిన టీ నీళ్లు చల్లుకోవడం దానికి సమానం కాదు, హాని కూడా లేదు. టీ ట్రీ నూనెది (పేరులో టీ ఉన్నా తేయాకు కాదు, అది వేరే చెట్టు) ఇంకాస్త గట్టి కథ. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద చేసిన పరీక్షలో, 5 శాతం టీ ట్రీ జెల్ మొటిమల మందు బెంజాయిల్ పెరాక్సైడ్ కంటే నెమ్మదిగానే అయినా పనిచేసింది, మంట, పొట్టు వంటి బాధలు తక్కువగా వచ్చాయి. అయితే 5 శాతం అన్నది గుర్తుంచుకోండి. సీసాలోంచి తిన్నగా వేలితో తీసి రాస్తే దద్దుర్లు రావచ్చు. గాలి తగిలి పాతబడిన సీసా అయితే ఎలర్జీ ముప్పు మరీ ఎక్కువ. ఇదీ ఆకుల నుంచి తీసిన ‘సహజమైన’ నూనే సుమా.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎవరూ చిట్కాగా పంచుకోనిది: గోరువెచ్చని నీళ్లతో, ఘాటు లేని క్లెన్సర్‌తో పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, చెమట బాగా పట్టినప్పుడు ఇంకోసారి కడగడం. ఉత్త నీళ్లతోనే కడుగుతామనే శుద్ధవాదులకు ఒక మనవి. నూనె నీళ్లకు లొంగదు. మధ్యాహ్నం మెరుపు కోసం పల్చటి టిష్యూ కాగితం అద్దితే చాలు, రుద్దవద్దు. చర్మం ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెల్సియస్ పెరిగితే నూనె వెలువడటం సుమారు 10 శాతం పెరుగుతుందని చెబుతారు. కాబట్టి ఎండ రోజుల్లో మెరుపు ఎక్కువైతే మీ తప్పు కాదు. జిడ్డుగా ఉందని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మానేయకండి. నూనె లేని జెల్ రకాలు ఉంటాయి.

ముక్కు మీది బూడిదరంగు చుక్కల్ని గోళ్లతో పిండేవాళ్లకు కూడా చెప్పాలి. వాటిలో చాలావరకు బ్లాక్‌హెడ్లు కావు. నూనె పైకి వచ్చే మామూలు దారులు. పిండితే కొద్ది వారాల్లో మళ్లీ నిండుతాయి, మధ్యలో మిగిలేది గోటి గాటు.

ఇవన్నీ పద్ధతిగా చేసినా తృప్తి లేకపోతే ముఖానికి రాసుకునే సాలిసిలిక్ ఆమ్లం, నయాసినమైడ్ ఉన్నాయి. మొదటిది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రం లోపలికి వెళ్లగలదు. దానికి విల్లో చెట్టు బెరడుతో చుట్టరికం కూడా ఉంది, మనసు ఒప్పుకోకపోతే అలా సర్దిచెప్పుకోండి. రెండోది విటమిన్ బి3 రూపమే.

పెద్ద వయసులో ఉన్నట్టుండి జిడ్డు పెరిగినా, ఆడవాళ్లలో దానితోపాటు నెలసరి గతి తప్పి, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా, లోతుగా నొప్పి పెట్టే గడ్డలు లేచి గుంటలు పడుతున్నా వంటింట్లో వెతకడం మాని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తైల గ్రంథులను నిజంగా కుదించగల మందు ఐసోట్రెటినాయిన్. గర్భంలో ఉన్న శిశువుకు తీవ్రమైన లోపాలు తెచ్చే మందు కాబట్టి, వైద్యుల పర్యవేక్షణలో, పరీక్షలు చేయించుకుంటూనే వాడాలి. స్నేహితుల దగ్గర మిగిలిన మాత్రలు అడిగి తెచ్చుకుని మింగేవాళ్లు ఉన్నారు. వాళ్లను చూస్తే, నిమ్మకాయ పిండుకునేవాళ్లే నయమనిపిస్తుంది.