ట్రాపికల్ మిల్క్‌వీడ్ గారూ, పచ్చగా ఉండకండి

మహారాజశ్రీ ట్రాపికల్ మిల్క్‌వీడ్ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, నవంబరు వచ్చేసింది. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు తినే మొక్కలే మిల్క్‌వీడ్‌లు; టెక్సస్‌లో వాటిలో దేశవాళీవి పండి, ఎండి, నేలకు ఒరిగాయి. తమరు మాత్రం లేత చిగుళ్లు, ఎర్రపూలు పెట్టుకుని పెళ్లిపందిరిలా నిలబడ్డారు. ఎవరినైనా పచ్చగా ఉండమని దీవిస్తాం. తమరి విషయంలో ఆ దీవెన వాపసు.

మోనార్క్ సీతాకోకచిలుక చలికాలపు వలసకు మూడు పంచాంగాలు చూసుకుని గానీ బయల్దేరదు. పగలు రోజురోజుకూ తరగాలి. పగటి వేడి, రాత్రి చలి ఎగుడుదిగుడు కావాలి. గొంగళిపురుగు తినే ఆకు ముదిరి పసుపెక్కాలి. ఏ ఒక్కటైనా కొంత పనిచేస్తుంది గానీ, మూడూ కలిస్తేనే గట్టి కబురు. అప్పుడు గుడ్లను ఎదిగించే జువెనైల్ హార్మోన్ తగ్గుతుంది, కడుపులో గుడ్లు ఎదగడం ఆగుతుంది, ఒంట్లో కొవ్వు చేరుతుంది. వేసవిలో 2 నుంచి 5 వారాల్లో తీరిపోయే ఆయుష్షు 8 నెలల దాకా సాగుతుంది. చేరాల్సింది మెక్సికో కొండల్లో, సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న ఒయామెల్ ఫిర్ అడవులకు.

మూడో పంచాంగం తమరి చేతిలో ఉంది. అందులో ఎప్పుడూ వసంతమే! దారిలో వాలిన ఆడ మోనార్క్ ఆ చిగురు చూస్తే, ఆగిన గుడ్లు మళ్లీ ఎదగొచ్చు. ఇక్కడే పెట్టేస్తుంది. ప్రయాణం చెల్లు.

పోనీ పిల్లలైనా బాగుంటాయా? మోనార్క్‌లకు జబ్బు తెచ్చే ఓఈ (ఒఫ్రియోసిస్టిస్ ఎలెక్ట్రోసిర్హా) అనే పరాన్నజీవి ఉంది. జబ్బు తల్లి ఒంటిమీది సిద్ధబీజాలు ఆకుమీద, గుడ్డుమీద రాలతాయి. పురుగు గుడ్డు పెంకుతో సహా తింటుంది. జబ్బు ముదిరితే ప్యూపా చీల్చుకుని రాలేదు, వచ్చినా రెక్కలు ముడతలే. దేశవాళీ మొక్క చలికాలంలో ఎండిపోయి ఆ మురికిని తనతో తీసుకుపోతుంది. నువ్వో? ఏడాది పొడుగునా అదే ఎంగిలి విస్తరి వేసి వడ్డిస్తావు! పైగా కుండీకి ‘సీతాకోకచిలుకల నేస్తం’ అని చీటీ ఒకటి.

  

మెక్సికోలో నువ్వు పుట్టింటి మొక్కవే, కాదనం. విత్తితే చాలు మొలుస్తావు. నీ పాలలోని విషం పురుగుకు మంచి కాపలా కూడా. అందుకే పీకడం లేదు, కొయ్యడమే. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నేలనుంచి 15 సెంటీమీటర్లే ఉంచాలి. ఒక్క కోతతో ఊరుకోవు, కొన్ని వారాలకే చిగురిస్తావు. మళ్లీ కొయ్యాలి. పాలు కంట్లో పడితే మంట, చూపుకే ముప్పు, కాబట్టి చేతికి గ్లవ్స్.

ఇప్పటికే నెల ఆలస్యం. ముందు ఆ పూలకొమ్మ వంచు.

ఇట్లు,
కత్తెర పట్టుకున్న తమ విధేయులు