సైన్స్ టీచరుకు కరువు వీడియోలది కాదు

పదో తరగతిలో విద్యుత్ మోటారు పాఠం వచ్చినప్పుడు చాలామంది టీచర్లు ఓ చిన్న ప్రయోగం చేయిస్తారు. ఒక టార్చి సెల్లు, దాని రెండు చివరలా రబ్బరు బ్యాండుతో బిగించిన పిన్నీసులు, సెల్లు మీద ఒక బిళ్ల అయస్కాంతం, పిన్నీసుల కన్నాల్లో వేలాడే రాగి తీగ చుట్ట. వేలితో కాస్త తోస్తే చుట్ట గిర్రున తిరగాలి. చెత్తతో బొమ్మలు చేసి సైన్స్ నేర్పే అరవింద్ గుప్తా వెబ్‌సైటులో ఈ బొమ్మ మోటారు ఎప్పటినుంచో ఉంది. చూస్తే చిటికెలో అయిపోయే పనిలా అనిపిస్తుంది. క్లాసులో చేయించండి, సగానికి పైగా గ్రూపులకు తిరగదు.

చిక్కంతా తీగ మీది ఎనామిల్ పూతతోనే, అది కరెంటును పారనివ్వదు. ఒక కొసన పూతను చుట్టూరా గీకేయాలి. రెండో కొసన మాత్రం, చుట్టను నిలువుగా పట్టుకుని, పైవైపు సగమే గీకాలి. పిల్లలు ఉత్సాహంగా రెండు కొసలూ తళతళలాడేలా గీకేస్తారు. అప్పుడు చుట్ట అర చుట్టు తిరగ్గానే బలం ఎదురు తిరిగి వెనక్కి లాగుతుంది, అది అటూ ఇటూ ఊగి ఆగిపోతుంది. సగం పూత ఉంచితే ఆ అర చుట్టులో కరెంటు ఉండదు, ఊపు మీద చుట్ట ముందుకు వెళ్లిపోతుంది. పుస్తకంలో కమ్యుటేటర్ అని, అర చుట్టుకోసారి కరెంటు దిశ మార్చే భాగంగా బొమ్మ వేసి చూపించేదానికి ఇది నాటు రూపం. నిజానికి చుట్ట తిరగనప్పుడే ఈ పాఠం బాగా అర్థమవుతుంది. అయితే ఆ క్షణంలో ఏం చెప్పాలో టీచరుకు ముందే తెలిసి ఉండాలి.

ఆన్‌లైన్ వనరుల మీద నా ఫిర్యాదు ఇక్కడే. ప్రయోగం సరిగ్గా వచ్చినప్పటి వీడియోలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. రానప్పుడు ఏం చేయాలో చెప్పేవి, అందులోనూ తెలుగులో, వెతికినా దొరకవు.

కేంద్రం 2017 సెప్టెంబరు 5న బడి పాఠాల కోసం దీక్షా అనే ఆన్‌లైన్ వేదికను తెచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు పడ్డాయి. ఫోను పెట్టి స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవి తెరుచుకుంటాయి. ఆలోచన మంచిదే, టీచరు వెతుక్కునే బాధ తప్పింది. కానీ తెరిచాక కనిపించేది తరచూ పుస్తకంలో ఉన్న పాఠమే, కాకపోతే ఒక గొంతు చదివి వినిపిస్తుంది. అది పిల్లవాడికి పునశ్చరణకు పనికొస్తుందేమో గానీ, రేపు పొద్దున అరవై మంది ముందు నిలబడాల్సిన టీచరుకు అందులో కొత్తగా దొరికేది తక్కువ.

దీనికి భిన్నంగా నడిచేది ఫెట్ (PhET) అనే వెబ్‌సైటు. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్, మరుసటి ఏడాది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని మొదలుపెట్టారు. ఇందులో వీడియోలు ఉండవు, పిల్లలే చేయిపెట్టి మార్చి చూసే సిమ్యులేషన్లు ఉంటాయి. వలయం కట్టే దాంట్లో బ్యాటరీ, బల్బు, తీగలు లాగి కలుపుకోవచ్చు. షార్ట్ సర్క్యూట్ చేస్తే మంటలు వస్తాయి, క్లాసంతా గొల్లుమంటుంది. కాస్త సద్దుమణిగాక తీగల్లో పారే నీలం చుక్కల్ని చూసి ఎవరో ఒకరు అడుగుతారు, "సార్, ఇవి ఉల్టా పోతున్నాయేంటి?" అవి ఎలక్ట్రాన్లు, రుణ ధ్రువం నుంచి బయల్దేరతాయి. పుస్తకంలో బాణం గుర్తు ధన ధ్రువం నుంచి ఉంటుంది. ఒక్క బటన్ నొక్కితే సిమ్యులేషన్ ఆ బాణాలనూ చూపిస్తుంది. కరెంటు దిశ గురించి అర గంట చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క బటన్‌తో ఎక్కుతుంది. కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే నెట్ లేని బడిలోనూ నడుస్తాయి. టీచర్లు తాము చెప్పిన పద్ధతిని పక్కనే పెట్టుకునే ఏర్పాటూ ఉంది. అందులో తెలుగు మీడియం అనుభవం మాత్రం దాదాపు లేనట్టే.

ఫెట్ నుంచి నేర్చుకోవాల్సింది మరొకటుంది. మొదట్లో ఆ సిమ్యులేషన్లు జావా, ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్లలో ఉండేవి. 2020 చివర్లో అడోబీ ఫ్లాష్‌ను ఆపేసింది. ఫెట్ వాళ్లు మాత్రం కూర్చుని ఒక్కొక్కటీ కొత్త పద్ధతిలో తిరగరాస్తూ వచ్చారు. కొన్నేళ్ల క్రితం ఒక శిక్షణలో మాకు యానిమేషన్ల డీవీడీ ఇచ్చారు, అన్నీ ఫ్లాష్ ఫైళ్లే. ఇప్పుడు మా దగ్గర వాటిని తెరిచే సాఫ్ట్‌వేరూ లేదు, డీవీడీ పెట్టే చోటున్న కంప్యూటరూ లేదు. దాని వెండి వైపు మాత్రం కాంతి పాఠానికి బాగా పనికొస్తోంది, ఇంద్రధనుస్సు రంగులు చూపించడానికి.

ఇలాంటి వనరులు కట్టడానికి డబ్బు దొరుకుతుంది, నిలబెట్టడానికి దొరకదు. అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2000లో సైన్స్, గణితం, ఇంజినీరింగ్ చదువుల కోసం జాతీయ డిజిటల్ లైబ్రరీ పథకాన్ని మొదలుపెట్టింది. దశాబ్దం తర్వాత నిధులు ఆగాయి, ఆ కేటలాగు వేరే సంస్థ చేతికి వెళ్లింది. మన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కథ అందరికీ తెలిసిందే. లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు, తర్వాత సైటే కనబడకుండా పోయింది. ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉండబట్టి బతికాం. సైటు నడిచిన రోజుల్లోనూ తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పుల తడకగా ఉండేవి. తెలుగు వికీపీడియా వాళ్లు ఓపిగ్గా తెలుగు లిపిలో జాబితాలు చేసి పెట్టాకే దారి దొరికింది.

వెతుకులాట సమస్య సైన్స్‌లో ఇంకా ముదిరింది. వక్రీభవనం అని తెలుగులో కొడితే బిట్ బ్యాంకులు, పరీక్ష గైడ్లు వరస కడతాయి. అదే ఇంగ్లీషులో వెతికితే గంటన్నర క్లాసుకు, పాతిక మంది పిల్లలకు రాసుకున్న విదేశీ పాఠం వస్తుంది. మనది ముప్పావుగంట పీరియడ్. పైగా ఒకరు కటకం అంటారు, ఒకరు లెన్స్ అంటారు, ఒకచోట నిరోధం, మరోచోట రెసిస్టెన్స్. ఏ మాటతో వెతికినా ఒకే చోటికి చేర్చే పట్టిక ఉండాలి. అది కొత్తగా తయారుచేయక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ద్విభాషా పుస్తకాలు వచ్చాయి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. జంట పదాలన్నీ అందులో అచ్చయి ఉన్నాయి. వాటిని ఏరి ఆ పట్టికలోకి ఎక్కించే మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి.

తీగ సగమే గీకాలన్న సంగతి నాకు చెప్పింది ఏ పోర్టలూ కాదు. మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఓ సీనియర్ మేడమ్ పెట్టిన వాయిస్ మెసేజ్. వెనకాల పిల్లల గోల వినిపిస్తూ, చుట్ట ఏ వైపు పట్టుకోవాలో, బ్లేడుతో కాకుండా గరుకు కాగితంతో ఎందుకు గీకాలో తీరిగ్గా చెప్పారు. ఈ వ్యాసం రాసేముందు మరోసారి విందామని వెతికాను. పుట్టినరోజు శుభాకాంక్షలూ జీవోల పీడీఎఫ్‌లూ దాటుకుంటూ చాలాసేపు పైకి వెళ్లాను. దొరకలేదు, ఫోను మార్చినప్పుడు పోయినట్టుంది.